గుండె వెనుక నిలిచే నీరు

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో వానాకాలపు సంగతి ఒకటి ఎవరికీ చెప్పి నేర్పనక్కరలేదు. గోదావరి నిండుగా పారుతున్నప్పుడు ప్రాణహిత నీరు అందులోకి దిగలేక వెనక్కి తన్ని, సంగమానికి ఎగువనున్న వరి, పత్తి చేలను ముంచుతుంది. మునిగిన చేను ఒకచోట, ముంచిన కారణం దానికి దిగువన మరొకచోట. వైద్యులు గుండె వైఫల్యం అని పిలిచే జబ్బు కూడా ఇలాగే ఉంటుంది: కాళ్ళు పొంగుతాయి, పడుకుంటే దమ్ము వస్తుంది, కడుపు ఉబ్బుతుంది, కానీ లోపం ఉన్నది ఛాతీలో.

ముందుగా ఆ పేరు పుట్టించే భయాన్ని తీసివేయాలి. 'హార్ట్ ఫెయిల్' అనగానే గుండె ఆగిపోయిందనుకుంటారు. ఈ జబ్బులో గుండె ఆగదు. ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోతుంది. గుండెపోటు దీనికి వేరు. గుండె కండరానికే రక్తం తెచ్చే ధమని మూసుకుపోయి, ఆ కండరంలో కొంత భాగం చచ్చిపోవడం గుండెపోటు. కొన్నేళ్ళకు అది ఈ జబ్బుకు దారితీయవచ్చు.

పిడికిలంత ఉండే గుండెలో నిజానికి రెండు పంపులున్నాయి. కుడివైపుది చెడు రక్తాన్ని ఊపిరితిత్తులకు పంపితే, ఎడమవైపుది అక్కడ శుభ్రపడి వచ్చిన రక్తాన్ని ఒళ్ళంతటికీ నెడుతుంది. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 దెబ్బలు, అంటే నిమిషానికి 5 లీటర్లు, రోజుకు 7,000 లీటర్లకు పైనే. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఈ మొత్తం కాదు, రెండు వైపుల మధ్య పొత్తు. ఎడమ పంపు ప్రతి దెబ్బకూ కుడిదానికన్నా ఒక్క మిల్లీలీటరు తక్కువ తోడిందనుకుందాం. పది నిమిషాల్లో 720 మిల్లీలీటర్ల రక్తం ఊపిరితిత్తుల్లో పేరుకుపోవాలి. అలా జరగకపోవడానికి కారణం గుండె కండరానికున్న ఒక స్వభావం: లోపలికి వచ్చే రక్తం ఎక్కువై గోడ ఎంత సాగితే, మరుసటి దెబ్బ అంత బలంగా పడుతుంది. జర్మనీలో ఒట్టో ఫ్రాంక్ 1895లో కప్ప గుండెపైన, తరువాత ఇంగ్లండులో ఎర్నెస్ట్ స్టార్లింగ్ గమనించిన ఈ నియమానికి వారిద్దరి పేర్లే ఉన్నాయి.

కండరం బలహీనపడినప్పుడు ఈ పొత్తు చెడుతుంది. గోడ సాగినా దెబ్బలో బలం పెరగదు, వచ్చిన రక్తంలో కొంత వెనుకే నిలుస్తుంది. ఎడమవైపు నిలిస్తే ఊపిరితిత్తుల్లోకి, కుడివైపు నిలిస్తే కడుపులోకి, కాళ్ళలోకి నీరు ఊరుతుంది. ఇక్కడ మూత్రపిండాలు చేసే పని మరీ బాధాకరం. తమకు చేరే రక్తం తగ్గగానే, ఒంట్లో నీరే తగ్గిందని అవి పొరబడతాయి. గాయమై రక్తం పోయినప్పుడు, వాంతులు విరేచనాలైనప్పుడు ప్రాణం నిలిపే హార్మోన్లనే అప్పుడూ కదిలించి, ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతాయి. ఇప్పటికే నీరు నిండిన ఒంట్లో మరింత నీరు చేరి, అలసిన గుండెపై బరువు ఇంకా పెరుగుతుంది.

మా పెదనాన్న ఒక దిండుతో పడుకునే మనిషి. శ్రావణంలో రెండు దిండ్లు అడిగారు, భాద్రపదానికి గోడకు ఆనుకుని కూర్చునే కునికేవారు. పడుకున్నప్పుడు కాళ్ళలోని నీరు తిరిగి రక్తంలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తులకు చేరుతుందని మాకు అప్పట్లో తెలియదు. ఒకనాడు ఆయన చీలమండ పైన, ఎముక మీద బొటనవేలుతో నొక్కి పది లెక్కపెట్టి తీశాను. మెత్తని మట్టిలో పడినట్టు గుంట పడింది, చాలాసేపటి దాకా పూడలేదు. "ముసలితనం బిడ్డా, ఇంకేముంటది" అన్నారాయన. అది ముసలితనం కాదు.

గుండెను ధ్వని తరంగాలతో చూసే ఎకో పరీక్షలో, రక్తాన్ని ఒంటికి నెట్టే ఎడమ జఠరిక (గుండె కింది గది) తనలో నిండిన రక్తంలో ఎంత శాతం బయటకు నెడుతోందో చూస్తారు. 40 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే పంపు బలం తగ్గినట్టు. అయితే రోగుల్లో దాదాపు సగం మందికి ఈ అంకె బాగానే ఉంటుంది. వారి గుండె గోడ బిరుసెక్కి, సరిగా సడలక, తగినంత నిండదు. కాబట్టి ఎకోలో ఆ ఒక్క అంకె బాగుందని ఆయాసాన్ని వదిలేయకూడదు. బీపీ, షుగరు, మూసుకుపోయిన ధమనులు, మద్యం దీనికి ముఖ్య కారణాలు. చిన్నప్పటి గొంతునొప్పి కీళ్ళవాతపు జ్వరంగా మారి గుండె కవాటాలను చెడగొట్టడం కూడా మన దేశంలో ఇంకా ఉంది. గడ్చిరోలి జిల్లాలో కనిపించే, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే సికిల్ సెల్ జబ్బులో రక్తహీనత వల్ల గుండె ఏళ్ళ తరబడి అదనంగా పనిచేయవలసి వస్తుంది.

మూత్రం పోయించే మాత్ర గంటల్లో ఉపశమనమిస్తుంది. ఆయుష్షు పెంచేవాటిలో ముఖ్యమైనవి మాత్రం మూత్రపిండాలు కదిలించే ఆ హార్మోన్ల గొలుసును తెంచే మందులు. వాటిలో మొదటి తరానికి చెందిన క్యాప్టోప్రిల్‌కు దారి చూపింది రక్తపింజర కుటుంబానికి చెందిన ఒక బ్రెజిల్ పాము విషం. ఒంట్లో కాస్త సుఖం కనబడగానే వీటిని మానేయడం మన ఇళ్ళలో తరచుగా జరిగే, చాలా ప్రమాదకరమైన పొరపాటు. తొక్కు, అప్పడం, ఎండుచేపల్లోని ఉప్పు కూడా నీటిని పట్టి ఉంచుతుంది. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకోవాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. వెంటనే వైద్యుడికి చెప్పాలి.

పెదనాన్న ఇంటి గోడ క్యాలెండరులో ఇప్పుడు ప్రతి తేదీ కింద పెన్సిలుతో ఒక అంకె ఉంటుంది. దసరా పండుగ నాళ్ళలో అవి 61, 61, 62, 63. ఆ 63 చూసిన పూటే పెద్దమ్మ వైద్యుడికి ఫోను చేయించింది, మాత్ర మోతాదు మార్చారు. వారం తిరిగేసరికి మళ్ళీ 61 పడింది, ఆయన రెండు దిండ్ల మీద నిద్రపోయారు.