సీడీ రిప్పింగ్‌కి ఏ డ్రైవ్? కొన్ని అపోహలు, వాస్తవాలు

‘పాత ప్లెక్స్‌టర్ సీడీ డ్రైవ్ ఒకటి దొరికిందండీ, రేటు కాస్త ఎక్కువే చెబుతున్నారు, తీసేసుకోమంటారా?’ ఇంట్లో ఉన్న ఆడియో సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామనుకునేవాళ్లు (దీన్నే రిప్పింగ్ అంటారు) మొట్టమొదట అడిగేది ఇదే. వద్దండీ. ఆ డబ్బు ఉంచుకోండి.

అపోహ: ఖరీదైన డ్రైవ్‌తో రిప్ చేస్తే పాట ఇంకా బాగా వినిపిస్తుంది

సీడీలో ఉన్నవి అంకెలు. సెకనుకు 44,100 శాంపిళ్లు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చానళ్లు. అవి ఉన్నవి ఉన్నట్టు వచ్చాయా, రాలేదా అన్నదే లెక్క. వచ్చాయంటే చవక డ్రైవ్ ఇచ్చిన ఫైలూ, ఖరీదైన డ్రైవ్ ఇచ్చిన ఫైలూ ఒక్కటే. రెండింటి సీఆర్‌సీ (ఫైలులోని అంకెలన్నిటి నుంచి లెక్కకట్టే సరిచూపు సంఖ్య) పక్కపక్కన పెట్టి చూసుకోండి. బాస్ నిండుగా ఉంది, గొంతు విచ్చుకుంది లాంటి మాటలు అమ్మేవాళ్లవి.

ప్లెక్స్‌టర్‌కి ఆ పేరు ఊరికే రాలేదు, నిజమే. 2003 నాటి ప్రీమియం, 2004 నాటి పీఎక్స్-716ఏ డిస్కు మీది సీ1, సీ2 లోపాలను (చదవడంలో వచ్చే చిన్న, పెద్ద తప్పులను) లెక్కకట్టి చూపించేవి. కానీ వాటి వయసు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటింది. లేజర్ నీరసిస్తుంది, లేజర్‌ని జరిపే స్లెడ్ పట్టాల మీది గ్రీజు గట్టిపడుతుంది, ట్రే బెల్టు సాగిపోతుంది. పైగా ఆ రెండూ పాతకాలపు ఐడీఈ కేబుల్‌తో కలిపే డ్రైవ్‌లు. ఇప్పటి మదర్‌బోర్డుల్లో ఆ 40 పిన్నుల సాకెట్టే ఉండదు. పేరున్న పాత డ్రైవ్ కొని, మొదటి నాలుగు ట్రాకులు చక్కగా చదివి చివరి ట్రాకుల్లో తడబడుతుంటే డిస్కునే తిట్టుకునేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

అసలు చిక్కు ఎక్కడుందంటే, డేటా సీడీలో 2352 బైట్ల సెక్టారుకి 2048 బైట్లే మన సమాచారం. మిగతాది సింక్, హెడర్, లోపాలు దిద్దడానికి అదనపు కోడ్. ఆడియో సీడీలో ఆ 2352 బైట్లూ పాటే, ఆ అదనపు రక్షణ లేదు. కింది స్థాయిలో ఉండే సీఐఆర్‌సీ అనే దిద్దుబాటు కోడ్ దిద్దలేని చోట, డ్రైవ్ అటూ ఇటూ ఉన్న శాంపిళ్లను చూసి మధ్యది ఊహించి నింపేస్తుంది. ఎర్రర్ అని చెప్పదు. పాట ఆగకూడదని మొదటినుంచీ పెట్టుకున్న ఏర్పాటు అది. వినడానికి మంచిదే, రిప్ చేయడానికే ప్రమాదం.

అందుకే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే రిప్పింగ్ సాఫ్ట్‌వేర్, అదే ఈఏసీ, సెక్యూర్ మోడ్‌లో ప్రతి చోటునీ కనీసం రెండుసార్లు చదివి పోల్చి చూస్తుంది. తేడా వస్తే 16 సార్ల చొప్పున ఐదు విడతల దాకా మళ్లీ చదువుతుంది. ఇక్కడే డ్రైవ్ కాష్ (చదివినదాన్ని కాసేపు దాచుకునే బఫర్) కొంప ముంచుతుంది. 2 ఎంబీ బఫర్ ఉన్న డ్రైవ్‌లో దాదాపు 12 సెకన్ల ఆడియో పడుతుంది. రెండోసారి చదవమంటే డిస్కు దగ్గరికి వెళ్లకుండా బఫర్‌లో ఉన్నదే తిరిగి ఇస్తుంది. తప్పుకి తప్పు సరిపోయి పచ్చజెండా ఊపేస్తుంది. ఈఏసీ డ్రైవ్ ఆప్షన్స్‌లో ‘కాషెస్ ఆడియో డేటా’ టిక్ పెట్టి ఉందో లేదో చూడండి. సందేహం ఉంటే పెట్టేయండి, పోయేది సమయమే. సీ2 ఆప్షన్‌కి (తప్పు ఎక్కడుందో డ్రైవే చెప్పే ఏర్పాటు) మాత్రం టిక్ తీసేయండి. సీ2 ఇస్తామని చెప్పుకునే డ్రైవ్‌లన్నీ దాన్ని నిజాయితీగా ఇవ్వవు.

తర్వాతది ఆఫ్‌సెట్. ఒక్కో మోడల్ కొన్ని శాంపిళ్లు ముందుకో వెనక్కో జరిగి చదువుతుంది. చాలా ఎల్‌జీ, ఆసుస్ డ్రైవ్‌లకి +6, పాత ప్లెక్స్‌టర్లకి +30, కొన్ని పయనీర్ బ్లూరేలకి +667. పెద్దదైన ఆ 667 కూడా 15 మిల్లీసెకన్లే, చెవికి తెలియదు. కానీ సరిచేయకపోతే మీ సీఆర్‌సీని ఇంకొకరిదానితో పోల్చలేరు. అందరికీ తెలిసిన ఇంగ్లిష్ ఆల్బమ్ సీడీ ఒకటి పెడితే ఆక్యురేట్‌రిప్ (అందరూ పంపిన రిప్‌ల సరిచూపు సంఖ్యల ఆన్‌లైన్ డేటాబేస్) దానంతటదే ఆఫ్‌సెట్ పట్టుకుంటుంది.

మన సీడీలతో ఇంకో తిప్పలుంది. పాత తెలుగు సినిమా పాటలు, కర్ణాటక కచేరీల డిస్కులు ఆక్యురేట్‌రిప్‌లో దొరకకపోవడం మామూలే. ఆ డిస్కుని అంతకుముందు రిప్ చేసి పంపినవాళ్లు లేరన్నమాట, రిప్ పాడైందని కాదు. కంగారు పడొద్దు. ఈఏసీలో టెస్ట్ అండ్ కాపీ (ఒక్కో ట్రాకునీ రెండుసార్లు చదవడం) చేసి రెండు సీఆర్‌సీలు కలిశాయో చూడండి. ఇంకా నమ్మకం కుదరకపోతే వేరే కంపెనీ డ్రైవ్‌లో మళ్లీ రిప్ చేయండి. రెండు వేరువేరు డ్రైవ్‌లు ఒకే చోట ఒకేలా తప్పు ఊహించడం చాలా అరుదు. నన్నడిగితే ఒక ‘బంగారు’ డ్రైవ్ బదులు మామూలు సాటా (ఐడీఈ తర్వాత వచ్చిన కనెక్షన్) డీవీడీ రైటర్లు రెండు, వేరువేరు కంపెనీలవి, కొనుక్కోండి. రెండింటికీ ఆఫ్‌సెట్ విడివిడిగా పెట్టడం మరవకండి.

సెకండ్ హ్యాండ్‌లోనే కొంటానంటే, గీతల్లేని 70 నిమిషాల పైబడిన డిస్కు ఒకటి వెంట తీసుకెళ్లి చివరి రెండు ట్రాకులు రిప్ చేసి చూడండి. డిస్కు బయటి అంచున ఊపు ఎక్కువ, నీరసించిన డ్రైవ్ అక్కడే దొరికిపోతుంది.

అపోహ: యూఎస్‌బీ స్లిమ్ డ్రైవ్ పనికిరాదు

పనికొస్తుంది, శుభ్రమైన డిస్కులకి. కాకపోతే డిస్కు నడుమనున్న చిన్న గోళీల పట్టు మీదే నిలుస్తుంది, కొంచెం వంగిన డిస్కుని డెస్క్‌టాప్ డ్రైవ్‌లా పైనుంచి అదిమి పట్టదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులు. పవర్ లేని హబ్‌కి తగిలిస్తే తిరగడం మొదలెట్టగానే డిస్‌కనెక్ట్ అవ్వొచ్చు. నేరుగా మదర్‌బోర్డు వెనక పోర్టుకే పెట్టండి.

అపోహ: 1ఎక్స్‌లో రిప్ చేస్తేనే సరైన రిప్

1ఎక్స్ అంటే పాట మామూలుగా మోగే వేగం. మంచి డిస్కు 24ఎక్స్‌లోనూ అవే బిట్లు ఇస్తుంది. గీతలున్నప్పుడే 8ఎక్స్‌కో 4ఎక్స్‌కో దించండి. చాలా డ్రైవ్‌లు 1ఎక్స్‌కి దిగనే దిగవు.

అపోహ: మెరిసే వైపు గీతలే ప్రమాదం

అటువైపు 1.2 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ ఉంది, కాస్త గీసుకున్నా ఓర్చుకుంటుంది. అద్దంపూత ఉన్నది లేబుల్ కింద, పల్చటి లక్క చాటున. లేబుల్ మీద లోతుగా గీత పడితే పాట ఊడిపోయినట్టే, ఏ డ్రైవూ తేలేదు. తుడిచేటప్పుడు మధ్యనుంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా కాదు. గుండ్రటి గీత ట్రాకు వెంబడే సాగి వరుసగా చెరిపేస్తుంది. టూత్‌పేస్టు సలహాలు ఎవరిచ్చినా వినకండి.

ఎక్స్‌ప్లోరర్‌లో కనిపించే .సీడీఏ ఫైళ్లు కాపీ చేసుకుని పాటలు వచ్చేశాయనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అవి ఒక్కోటి 44 బైట్ల గుర్తులు మాత్రమే, పాట వాటిలో లేదు. నూటయాభై పాటల ఎంపీ3 సీడీకి ఈ గొడవేమీ అక్కర్లేదు, అది డేటా డిస్కు, మామూలుగా కాపీ చేసుకోండి. దాన్ని ఫ్లాక్‌లోకి (నాణ్యత తగ్గకుండా కుదించే ఫైలు రకం) మారిస్తే పెరిగేది ఫైలు సైజు ఒక్కటే.