ఇంట్లో ప్యాంటు కుట్టుకోవడం: అపోహలు – వాస్తవాలు

ప్యాంటు కటింగ్ నేర్పుతానని తెలిసి ఫోన్ చేసేవాళ్లు మొదట అడిగేది దాదాపు ఒకటే: "అక్కా, ఏ మిషన్ కొనమంటారు?" తర్వాతి ప్రశ్న జిప్పు గురించి. కొలతల గురించి అడిగేవాళ్లు చాలా అరుదు. ప్యాంటు ఒంటికి కుదరడం, కుదరకపోవడం తేలేది కొలతల దగ్గరే. అందుకని అపోహల పట్టిక కూడా అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

అపోహ: బాగా సరిపోయే పాత ప్యాంటు ఆదిగా పెట్టుకుంటే చాలు

జాకెట్టుకి ఆది ఇచ్చి కుట్టించుకోవడం మనకి అలవాటు. ప్యాంటుకీ అదే చేస్తాం. పొడవు, మోకాలి వెడల్పు, బాటమ్ వరకు ఆది ప్యాంటు నుంచి నిక్షేపంగా తీసుకోవచ్చు. సీటు దగ్గరికి వచ్చేసరికి అది మోసం చేస్తుంది. కాళ్ల మధ్య కుట్టు వంపు తిరిగి ఉంటుంది, వెనక ముక్క పై భాగం ఏటవాలుగా కత్తిరించి ఉంటుంది. వాడగా వాడగా సాగిపోయేది కూడా ఆ చోటే. బల్ల మీద పరిచి టేపు పెడితే ఆ వంపు దొరకదు. పాత ప్యాంటులో సాగే లైక్రా పోగు ఉండి కొత్త బట్టలో లేకపోతే ఇక చెప్పక్కర్లేదు.

దీనికి వేరే కొలత ఒకటి ఉంది. ముందు నడుము దగ్గర టేపు పట్టుకుని, కాళ్ల మధ్యగా తీసుకెళ్లి, వెనక నడుము దాకా కొలవాలి. దుకాణంలో ఈ కొలత తీయరు. మాస్టర్‌కీ మొహమాటమే, మనకీ మొహమాటమే. నడుము, సీటు, తొడ, పొడవు రాసుకుని మిగతాది అనుభవం మీద అంచనా వేస్తారు. మంచి మాస్టర్ అంచనా చాలామందికి సరిపోతుంది. సరిపోనివాళ్లు మాత్రం "నా ఒంటికి ప్యాంట్లు నప్పవు" అని తీర్మానించేసుకుంటారు. సీటు 40 అంగుళాలే ఉన్న ఇద్దరిలో ఒకరికి ఒళ్లు పక్కలకి ఉంటుంది, మరొకరికి వెనక్కి ఉంటుంది. టేపుకి ఇద్దరూ ఒకటే, ప్యాంటుకి మాత్రం కాదు. ఇంట్లో అయితే తలుపేసుకుని ఎవరి కొలత వాళ్లే తీసుకోవచ్చు. ఇంట్లో కుట్టుకోవడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇదే.

ఆ కొలతని కాగితం మీద గీసిన ముందు వంపు, వెనక వంపు రెండూ కలిపిన పొడవుతో పోల్చి చూడండి. కుట్లలోకి పోయే బట్టని లెక్కలోంచి తీసేయడం మర్చిపోకండి. ఇక నడుము అంటే మీరు బెల్టు పెట్టుకునే చోటు. బొజ్జ కింద పెట్టుకునేవాళ్లకి అదే నడుము. అక్కడ ఒక తాడు కట్టుకుని, గట్టి కుర్చీ మీద నిటారుగా కూర్చుని, పక్కవైపు తాడు నుంచి కుర్చీ దాకా కొలవండి. సీటు లోతు ఈ కొలత మీదే ఆధారపడుతుంది.

అపోహ: కూర్చుంటే పట్టేస్తోందంటే ఆసన్ ఇంకా దించాలి

నేను అందరికన్నా ఎక్కువగా వాదించేది దీని మీద. ఆసన్ అంటే రెండు కాళ్లూ కలిసే చోటు. దాన్ని కిందికి దించితే నిలబడినప్పుడు వదులుగానే అనిపిస్తుంది. కాలెత్తి బండెక్కితే అసలు సంగతి తెలుస్తుంది. ఆసన్ ఒంటికి ఎంత దూరంగా వేలాడుతుంటే, కాలు ఎత్తినప్పుడు అంత బట్టని వెంట లాక్కుపోవాలి. జాకెట్టు చంక మరీ లోతుగా తీస్తే చెయ్యి పైకి లేవదు కదా, ఇదీ అంతే. కుట్టు పిగిలేది కూడా ఇలాంటి ప్యాంట్లలోనే ఎక్కువ.

ఇవ్వాల్సింది వెనక ముక్కలో పొడవు, వెడల్పు. మధ్య గీత దాటి ఆసన్ వైపు పొడుచుకు వచ్చే భాగం ముందు ముక్కకి సుమారు 2 అంగుళాలు ఉంటే, వెనక ముక్కకి దాదాపు రెట్టింపు ఉండాలి. ఒంటి మందమంతా అందులోనే ఇమడాలి మరి. నడుము దగ్గర కూడా వెనక ముక్క ముందు దానికన్నా ఎత్తుగా ఉండాలి. కూర్చుంటే వెనకవైపు బట్ట ఎక్కువ కావాలి. స్కూటీ మీద కూర్చోగానే నడుము వెనక జారిపోయే ప్యాంట్లలో చాలావాటికి ఈ ఎత్తే తక్కువ.

అసలు బట్ట కొయ్యకముందు కోరా బట్టతో మోకాలి దాకా ఒకటి కుట్టి చూడండి. జేబులు, జిప్పు ఏమీ వద్దు, ముందు వైపు పిన్నులు పెట్టుకుంటే చాలు. నిలబడి, కూర్చుని, మెట్టెక్కి చూడండి. కోరా మీద మడతలు చదవడం వస్తే సగం పని వచ్చినట్టే. ఆసన్ నుంచి తుంటి వైపు చారలు లాగుతుంటే సాధారణంగా లోపలి కాలి కుట్టు దగ్గర, ముఖ్యంగా వెనక ముక్కలో, బట్ట చాలలేదని అర్థం. బెల్టు పట్టీ కింద అడ్డంగా మడతలు పడుతుంటే సీటు బిగుతై ప్యాంటు పైకి ఎక్కుతోందని. వెనక సీటు కింద బట్ట జారి వేలాడుతుంటే అక్కడ పొడవు ఎక్కువైందని.

కూర్చున్నప్పుడు నడుము వెనక దిగిపోతుంటే వెనక ముక్కని సీటు ఎత్తులో అడ్డంగా కోయండి. మధ్య కుట్టు దగ్గర అర అంగుళమో, ముప్పావో తెరిచి, పక్క కుట్టు దగ్గర సున్నాకి తెచ్చి, ఆ ఖాళీలో ఒక ముక్క అతికించండి. మళ్లీ కూర్చుని చూడండి. సరిపోతే ఆ మార్పుని కాగితం మీదికి ఎక్కించుకోండి. ఆ కాగితం దాచుకుంటే ఇక ఆది ప్యాంటుతో పనే ఉండదు.

అపోహ: మీటరుంబావు బట్ట ఎవరికైనా సరిపోతుంది

సూటింగ్ బట్టకి చాలావరకు నిజమే. దాని పన్నా, అంటే బట్ట వెడల్పు, 58 అంగుళాలో, ఇంకొంచెం ఎక్కువో ఉంటుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో హైదరాబాద్ పత్తర్‌గట్టీలోనో కొనేటప్పుడు పన్నా అడక్కుండా మీటర్లు చెప్పకండి. పోచంపల్లి నేత బట్టతో ప్యాంటు కుట్టుకోవాలని ఇప్పుడు చాలామందికి సరదా. చేనేత పన్నా సాధారణంగా తక్కువ, 44 నుంచి 48 అంగుళాల దాకా. ముందు, వెనక ముక్కలు పక్కపక్కన పట్టవు కాబట్టి రెండు మీటర్ల పైనే కావాలి. ఇక్కత్ డిజైన్ రెండు కాళ్లకీ ఒకే ఎత్తులో కలవాలంటే ఇంకొంచెం తీసుకోవాలి.

కాటన్ ఏదైనా సరే, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పట్టండి. నూటికి మూడు వంతులు ముడుచుకున్నా 40 అంగుళాల పొడవులో అంగుళం పైనే పోతుంది. ముక్కలు పరిచేటప్పుడు క్రీజు గీత పడుగుకి (నిలువు దారాలకి) సమాంతరంగా, అంచుకి సమాన దూరంలో ఉండాలి. బట్ట పొదుపు చేద్దామని కాస్త వంకరగా పెట్టారా, ఉతికాక ఆ కాలు మెలి తిరుగుతుంది. దానికి మందు లేదు.

అపోహ: ఇంటి మిషన్ మీద ప్యాంటు గట్టిగా నిలవదు, జుకీ ఉండాల్సిందే

జుకీ లాంటి ఫ్యాక్టరీ మిషన్‌కి వేగం ఎక్కువ. నేర్చుకునేవాళ్లకి వేగంతో పనేముంది? మన ఇళ్లలో మూలన పడి ఉన్న తొక్కుడు మిషన్ నూనె వేస్తే జీన్స్ బట్టని కూడా కుడుతుంది. మామూలు ప్యాంటు బట్టకి 14 నంబర్ సూది, జీన్స్‌కి 16. మందం ఎక్కువైన చోట తొక్కడం ఆపి, చేత్తో చక్రం తిప్పుకుంటూ దాటించండి. దారం లావుగా ఉంటే గట్టిగా ఉంటుందనేదీ భ్రమే. ఇంటి మిషన్‌లో లావు దారం పెడితే టెన్షన్ కుదరదు, దారానికీ మనకీ కూడా. నాణ్యమైన పాలిస్టర్ దారం పెట్టి, వెనక మధ్య కుట్టు మాత్రం చిన్న కుట్టుతో రెండుసార్లు వేయండి. ఆ కుట్టు వేసేటప్పుడు వంపు దగ్గర బట్టని కొద్దిగా సాగదీసి పట్టుకోండి. కూర్చున్నప్పుడు కుట్టు బట్టతో పాటు సాగాలి.

ఎక్కువగా చిరిగే ఇంకో చోటు జేబు మూలలు. 1873లో జేకబ్ డేవిస్, లెవీ స్ట్రాస్ అమెరికాలో పేటెంట్ తీసుకున్న రాగి రివెట్లు (జీన్స్ జేబుల దగ్గర కనిపించే లోహపు బొత్తాలు) ఆ మూలల కోసమే. డేవిస్ కూడా దర్జీయే. మనకి రివెట్లు అక్కర్లేదు. జేబు రెండు చివర్లా నాలుగైదుసార్లు ముందుకీ వెనక్కీ కుట్టండి, చాలు.

అంచు పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్ కొనే పని కూడా లేదు. పీకో, ఫాల్ అని బోర్డు ఉన్న దుకాణాల్లో చాలాచోట్ల ఓవర్‌లాక్ వేస్తారు. ముక్కలు కోసిన వెంటనే, కుట్టకముందే తీసుకెళ్లండి. అంచు మీదే వేయాలని, బట్ట కొయ్యొద్దని గట్టిగా చెప్పండి. లేకపోతే మీరు కష్టపడి వదిలిన మార్జిన్ అక్కడే నేల మీద పడుతుంది.

అపోహ: జిప్పు వేయడమే అన్నిటికన్నా కష్టం

ముందు రెండు ముక్కలూ ఇంకా చదునుగా ఉన్నప్పుడే, వెనక ముక్కలు కలపకముందే వేస్తే కష్టమేమీ లేదు. నైలాన్ జిప్పు కావలసినదానికన్నా రెండు అంగుళాలు పొడవుగా కొనండి. జిప్పు తలని నడుము గీత పైకి లాగి ఉంచి కుట్టండి, సూదికి అడ్డం రాదు. తర్వాత తలని కిందికి దించి, పైన బెల్టు పట్టీ కుట్టేశాకే మిగిలింది కత్తిరించాలి. ఈ వరస తప్పితే జిప్పు తల చేతిలోకి ఊడి వస్తుంది.

అపోహ: జాకెట్లు కుట్టేవాళ్లకి ప్యాంటు రాదు

ఇది ఎవరు పుట్టించారో గానీ పచ్చి అబద్ధం. హైదరాబాద్‌లోని శిక్షణ సంస్థ సెట్విన్‌లోనో, ఐటీఐలోనో టైలరింగ్ నేర్చుకుని పదిమందికి జాకెట్లు కుట్టేవాళ్లకి కటోరీ, డాట్లు, చంక వంపు అన్నీ తెలుసు. ప్యాంటులో అంతకన్నా తిరకాసు వంపు ఒక్కటే ఉంది, దాని సంగతి పైన చెప్పాను. పైజామా వస్తే ప్యాంటు వచ్చినట్టే అనేది మాత్రం నమ్మకండి. నాడా ఉన్నచోట తప్పులన్నీ కుచ్చుల్లో దాక్కుంటాయి.

డబ్బు మిగులుతుందా అని కూడా అడుగుతారు. మొదట్లో మిగలదు. కోరా బట్ట, కత్తెర, బక్రం (పట్టీ లోపల పెట్టే గట్టి గుడ్డ), సూదులు, పాడయ్యే బట్ట అన్నీ లెక్కేస్తే కుట్టు కూలే చవక.

అపోహ: ఇస్త్రీ అంతా అయ్యాక చేసేది

ఒక కుట్టు మీదుగా ఇంకో కుట్టు దాటేముందు మొదటిదాని లోపలి మార్జిన్‌ని రెండు వైపులకీ తెరిచి ఇస్త్రీ చేయాలి. దుకాణంలో కుట్టినదానికీ ఇంట్లో కుట్టినదానికీ కంటికి కనిపించే తేడా చాలావరకు ఇదే. ఇంటి ఇస్త్రీ పెట్టె తేలిక కాబట్టి తడిపి పిండిన నూలు గుడ్డ పైన వేసి నొక్కండి. పాలిస్టర్ మీద నేరుగా పెడితే మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు.

అపోహ: బెల్టు పట్టీ ఒకే ముక్కగా వేస్తేనే నీటు

రెడీమేడ్ ప్యాంట్లలో చాలావాటికి అలాగే ఉంటుంది, అందుకే లావెక్కితే వాటి నడుము వదులు చేయడం పెద్ద పని. మంచి దర్జీలు పట్టీని రెండు సగాలుగా, ఏ కాలి వైపుది ఆ వైపే కుట్టి, ఆ తర్వాత వెనక మధ్య కుట్టుని పట్టీతో సహా అన్నిటికన్నా చివర వేస్తారు. ఆ కుట్టు లోపల నడుము దగ్గర ఒకటిన్నర అంగుళం బట్ట వదిలి, కిందికి వచ్చేకొద్దీ తగ్గిస్తారు. ఇంట్లోనూ ఇలాగే చేయండి. ఆ ఆఖరి కుట్టుకి ముందు చేత్తో కచ్చా కుట్టు (తర్వాత తీసేసే వదులు కుట్టు) వేసి, తొడుక్కుని చూసి, నడుము అరంగుళం అటూ ఇటూ చేసుకోవచ్చు. పండగల తర్వాత విప్పుకోవడానికి కూడా పనికొస్తుంది.

కాళ్ల కింద మడత మాత్రం అప్పుడే కుట్టకండి. ఒక రాత్రి హ్యాంగర్‌కి వేలాడదీసి, మర్నాడు ఆ ప్యాంటు మీదకి వేసుకునే చెప్పులో, బూట్లో తొడుక్కుని నిలబడండి. మీరే వంగి గుర్తు పెట్టుకుంటే పొడవు మారిపోతుంది, ఇంట్లో ఇంకొకరి చేత పెట్టించుకోండి.