కిడ్నీ జల్లెడలో ఆధారత్వచం: నేత చెడితే మందం కాపాడదు

మన రెండు కిడ్నీలు కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడకడతాయి. అందులో మూత్రంగా బయటికి పోయేది లీటరున్నర, రెండు లీటర్లే. మిగతాదంతా తిరిగి రక్తంలోకి చేరుతుంది. ఈ వడపోత జరిగేది గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల చుట్టలో. అక్కడ రక్తం వైపు కణాలకూ మూత్రం వైపు కణాలకూ నడుమ, కణమంటూ లేని ఒక పొర ఉంటుంది. అదే ఆధారత్వచం. పెద్దవాళ్లలో దాని మందం 350 నానోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అలాంటివి మూడు వేలు పేరిస్తే ఒక మిల్లీమీటరు.

చర్మం పైపొర కింద, రక్తనాళాల చుట్టూ, కండరపు పోగుల చుట్టూ కూడా ఇలాంటి పొరే ఉంటుంది. చాలాచోట్ల అది 50 నుంచి 100 నానోమీటర్లకు మించదు. కిడ్నీలో అంత మందం ఎందుకంటే, పిండ దశలో రెండు వైపుల కణాలూ చెరొక పొర వేస్తాయి, ఆ రెండూ కలిసి ఒకటవుతాయి.

పొర ఏర్పడడానికి ఒక వరుస ఉంది. ముందు లామినిన్ అనే ప్రోటీన్ కణం ఉపరితలానికి అతుక్కుని, తనలో తాను అల్లుకుంటుంది. తర్వాత నాలుగో రకం కొల్లాజెన్ వచ్చి మరో వల కడుతుంది. నిడోజెన్, పెర్లెకాన్ లాంటివి ఈ రెంటినీ ముడివేస్తాయి. లామినిన్ గామా-1 జన్యువు తీసేసిన ఎలుక పిండం అయిదారు రోజులకే ఆగిపోతుంది, ఎందుకంటే పొర మొదలే కాదు. కొల్లాజెన్ జన్యువులు తీసేస్తే పిండం పది, పదకొండు రోజుల దాకా బతుకుతుంది. పొర ఏర్పడుతుంది గానీ, గుండె కొట్టుకుని రక్తపు ఒత్తిడి పెరిగేసరికి చిరుగుతుంది. ఆరంభం లామినిన్‌ది, బిగువు కొల్లాజెన్‌ది అని ఈ ప్రయోగాలతో తేలింది. ఆ బిగువు వెనక ఒక చిన్న అద్భుతం ఉంది. కొల్లాజెన్ కొసలను కలిపే గంధకం-నత్రజని బంధాన్ని 2009లో గుర్తించారు. ఆ బంధం వేసే ఎంజైముకు బ్రోమిన్ కావాలని 2014లో తెలిసింది. జంతువుల శరీరంలో బ్రోమిన్‌కు తప్పనిసరి పని ఒకటి ఉందని అంతకుముందు ఎవరికీ తెలియదు.

కిడ్నీ ఎదిగేకొద్దీ ఈ కొల్లాజెన్ మారుతుంది. మొదట ఆల్ఫా-1, ఆల్ఫా-2 అనే ప్రోటీన్ గొలుసులతో అల్లిన వల ఉంటుంది. తర్వాత ఆల్ఫా-3, 4, 5 గొలుసులు మూడూ పెనవేసుకున్న వల దాని స్థానంలోకి వస్తుంది. కొత్త వలలో అడ్డుబంధాలు ఎక్కువ, అందుకే జీవితమంతా ఒత్తిడిని ఓర్చుకుంటుంది. ఈ మూడింటిలో ఏ గొలుసు జన్యువు పాడైనా వచ్చేది ఆల్‌పోర్ట్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య కిడ్నీ జబ్బు. మూడింటిలో ఒకటి లేకపోతే మిగతా రెండూ పెనవేసుకోలేవు, కణంలోనే నాశనమవుతాయి. కిడ్నీ పసితనపు వలతోనే నెట్టుకురావాలి. పొర మొదట పలచబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ చీలికలు చీలికలై బుట్ట అల్లికలా ఉబ్బుతుంది.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు గురించి చెప్పాలి. తొలి దశలో, పరీక్ష కోసం కిడ్నీ నుంచి తీసిన ముక్క (బయాప్సీ) మామూలు మైక్రోస్కోపు కింద దాదాపు మామూలుగానే కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కోసం ఓ చిన్న ముక్కను గ్లూటరాల్డిహైడ్ అనే, కణజాలం చెడకుండా ఉంచే ద్రవంలో విడిగా ఉంచకపోతే జబ్బు చేజారిపోవచ్చు. పిల్లల మూత్రంలో పదేపదే ఎర్రకణాలు కనిపించి, ఇంట్లో మరొకరికి కిడ్నీ జబ్బో చిన్న వయసులో చెవుడో ఉంటే, వినికిడి పరీక్ష, కంటి పరీక్ష, జన్యు పరీక్ష అడగాలి. అదే గొలుసులు లోపలి చెవిలో, కంటి కటకంలో కూడా ఉంటాయి. లోపం ఎక్స్ క్రోమోజోముపై ఉన్న అబ్బాయిల్లో, మందు లేకపోతే సగం మందికి 25 ఏళ్లకే కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. రామిప్రిల్ లాంటి మందులు తొందరగా మొదలుపెడితే ఆ గడువు ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. తల్లినీ అక్కచెల్లెళ్లనూ 'వాహకులు' (లోపాన్ని మోసేవాళ్లు మాత్రమే) అని వదిలేయడం అన్యాయం. వాళ్ల కిడ్నీలూ దెబ్బతినగలవు, ఏటా పరీక్ష వాళ్లకూ కావాలి.

షుగర్ జబ్బులో కథ వేరు. గొలుసులు సరైనవే, కానీ కణాలు మితిమీరి పొర వేస్తాయి. చక్కెర అతుక్కున్న ప్రోటీన్లను తొలగించడం కష్టమవుతుంది. పొర మామూలుకంటే ఎంతో దళసరి అవుతుంది, అయినా అల్బుమిన్ అనే రక్తపు ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది. ఎందుకంటే పొర కూర్పు మారిపోతుంది, దాన్ని పట్టుకుని ఉండే పోడోసైట్ కణాలు ఊడిపోతాయి. అందుకే మూత్రంలో అల్బుమిన్‌కూ, కిడ్నీలు బయటికి పంపే క్రియాటినిన్ అనే వ్యర్థానికీ ఉన్న నిష్పత్తి చూస్తారు. గ్రాముకు 30 మిల్లీగ్రాములు దాటితే జాగ్రత్త పడాలి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ముందురోజు బాగా వ్యాయామం ఉంటే అంకె ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేసి రెండుసార్లయినా ఎక్కువ వస్తేనే నిర్ధారిస్తారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు దీనికి భిన్నం. అక్కడ దెబ్బ ముఖ్యంగా తగిలేది జల్లెడకు కాదు, దాని తర్వాత ఉండే సన్నని గొట్టాలకూ వాటి మధ్య కణజాలానికీ. పొర ప్రోటీన్‌ను చాలావరకు ఆపుతూనే ఉంటుంది, మూత్రం పరీక్ష బాగానే వస్తుంది, కిడ్నీ మాత్రం తరుగుతూ ఉంటుంది. కాబట్టి అక్కడ మూత్రంలో ముంచి చూసే పరీక్ష పట్టీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, రక్తంలో క్రియాటినిన్ కూడా చూసితీరాలి.