తుడిచేసిన ఆనవాళ్లు

2004 డిసెంబరు 26, ఆదివారం. ఉదయం ఆరున్నర దాటాక చెన్నైలో నేల సన్నగా ఊగింది. మేడల్లో ఉన్నవాళ్లు కొందరు కిందికి దిగి, కాసేపు నిలబడి, మళ్లీ ఇళ్లలోకి వెళ్లిపోయారు. రెండు గంటలకు పైగా గడిచాక మెరీనా మీదికి సముద్రం వచ్చిపడింది. సుమత్రా దగ్గర వచ్చిన ఆ భూకంపం తీవ్రత 9.1. నేల ఊగిన రోజున తీరానికి దూరంగా ఉండాలన్న సంగతి అప్పుడు ఈ ఊళ్లో ఎంతమందికి తెలుసు?

దక్షిణాదికి భూకంపాలు రావన్న ధీమా పాతది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో అది చెదిరింది. అన్నిటికన్నా ప్రమాదం తక్కువని లెక్కగట్టిన ఒకటో జోన్ ప్రాంతమది. రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన బరువైన గోడల కింద దాదాపు పది వేలమంది పోయారు. 2002లో దేశపు భూకంప పటాన్ని సవరించినప్పుడు ఒకటో జోన్‌నే ఎత్తేశారు. చెన్నై రెండు నుంచి మూడో జోన్‌కు మారింది. అంతకు ముందు ఏడాదే పుదుచ్చేరి తీరానికి ఆవల వచ్చిన భూకంపం ఈ నగరాన్నీ కదిపింది. ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన పెద్దవాళ్లకైతే 1967 నాటి కుదుపు గుర్తుండే ఉంటుంది.

పటం మారిన సంగతి ఇంజనీర్లకు తెలుస్తుంది. అద్దెకుండే కుటుంబానికి ఎవరు చెబుతారు? కొన్ని దేశాలు ఆ పని శిథిలాలకే అప్పగించాయి. 1995 జనవరి 17 నాటి కోబె భూకంపంలో 6,400 మందికి పైగా చనిపోయారు. అవాజి దీవిలో నేల చీలినచోటును 140 మీటర్ల మేర అలాగే ఉంచి, పైన కప్పు వేసి, 1998లో మ్యూజియం తెరిచారు. తైవాన్‌లో 1999లో కూలిన గ్వాంగ్‌ఫు పాఠశాలను, మైదానంలో గట్టులా పైకి లేచిన పరుగు ట్రాక్‌తో సహా నిలిపి ఉంచారు. చైనాలో 2008 తర్వాత పాత బెయిచువాన్ పట్టణాన్ని శిథిలంగానే వదిలి, కొత్త పట్టణాన్ని వేరేచోట కట్టుకున్నారు.

నన్ను ఎక్కువగా కదిలించేది జపాన్‌లోని ఒకావా ప్రాథమిక పాఠశాల. 2011 మార్చి 11న భూకంపం ఆగాక పిల్లల్ని దాదాపు 50 నిమిషాలు బడి ఆవరణలోనే ఉంచారు. ఎక్కడానికి వీలైన కొండ వెనకే ఉంది. సునామీలో 74 మంది పిల్లలు, 10 మంది ఉపాధ్యాయులు పోయారు. ఆ గోడలు చూడలేమని, తీసేయమని అడిగిన కుటుంబాలున్నాయి; వాళ్ల బాధను కాదనడానికి నాకు నోరు రాదు. ఉంచాలని అడిగినవాళ్లలో అక్కడే చదివిన పిల్లలున్నారు. చివరికి 2016లో ఇషినొమాకి నగరం ఉంచడానికే నిర్ణయించింది. సెందాయ్‌లోని అరహామా బడినీ అలాగే ఉంచారు. అక్కడ 320 మంది మేడెక్కి బతికారు. ఎప్పుడు, ఎటు, ఎంత ఎత్తుకు వెళ్లాలన్నది ఈ రెండు బడుల మధ్య పిల్లలకు కూడా అర్థమవుతుంది.

మన దేశంలో 2001 భుజ్ భూకంప మృతుల జ్ఞాపకంగా భుజియా కొండ మీద స్మృతివన్‌ను 2022లో తెరిచారు. కుదుపు ఎలా ఉంటుందో అక్కడి థియేటర్‌లో అనుభవానికి వస్తుంది.

చెన్నై మాటకొస్తే నాకు మౌలివాక్కమే గుర్తొస్తుంది. 2014 జూన్ 28 సాయంత్రం, వానలో, ఇంకా కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వచ్చినవాళ్లు ఎందరో. నేల కదలకుండానే కూలిన మేడ అది. పక్కనున్న జోడు భవనాన్ని 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. ప్రమాదకరమైనదాన్ని నిలబెట్టి ఉంచమని నేను అడగను. కానీ విరిగిన స్తంభం ఒక్కటి నలుగురూ చూసేచోట పెట్టి ఉంటే బాగుండేది. భూకంపానికి తట్టుకునే స్తంభంలో ఇనుప రింగులు ఎంత దగ్గరగా ఉండాలో, వాటి కొసలు లోపలికి ఎలా వంచాలో దాని పక్కన తమిళంలోనూ తెలుగులోనూ రాసి, పోయినవాళ్ల పేర్లు కింద చెక్కాల్సింది. ఈ నగరంలో ఇవాళ్టికీ ఆ రింగులు కట్టే చేతుల్లో మనవాళ్లవీ ఉన్నాయి.