నీలం మూత గొట్టంలో ఏముంది?

రక్తంలో జింకు, రాగి వంటి సూక్ష్మ మూలకాలను కొలవాలంటే ల్యాబులో సాధారణంగా ముదురు నీలం మూత ఉన్న ప్రత్యేకమైన గొట్టం తీస్తారు. మామూలు గొట్టానికి ఉండే రబ్బరు మూత నుంచే కాస్త జింకు రక్తంలోకి దిగవచ్చు. రక్తం తీసేటప్పుడు ఎర్ర రక్తకణాలు చితికినా వాటిలోని జింకు బయటపడి లెక్క తప్పుతుంది. డెసిలీటరు (100 మిల్లీలీటర్ల) సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేలే ద్రవంలో, ఉండే జింకు దాదాపు 100 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో పదివేలవ వంతు మరి.

ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల రక్తంలో రాగి ఎక్కువగా, జింకు, సెలీనియం తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాలు చూపాయి. విటమిన్ సి, బీటా కెరోటిన్ వంటి యాంటీఆక్సిడెంట్లు (ఆక్సీకరణ నష్టం నుంచి కణాలను కాపాడేవి) కూడా తరచు తక్కువే. అయితే గొట్టెడు రక్తంతో జబ్బును ముందే పట్టేయవచ్చా? నాకు అంత నమ్మకం లేదు.

రక్తంలోని రాగిలో అధికభాగం సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్‌లో ఉంటుంది. శరీరంలో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (దెబ్బకో జబ్బుకో శరీరం చూపే వాపు స్పందన) మొదలైనా కాలేయం దాన్ని ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది, జింకును మాత్రం తన లోపలికి లాక్కుంటుంది. ఆ కబురు కణితి పంపిందా, న్యుమోనియా పంపిందా అన్నది కాలేయానికి పట్టదు. క్షయలోనూ ఇదే వరుస. ఎక్స్‌రేలో కనిపించిన మచ్చ క్షయదో క్యాన్సర్‌దో తేలక రోగులు నెలలు పోగొట్టుకునే మన దేశంలో, ఆ రెంటినీ విడదీయలేని పరీక్షతో ఒరిగేది తక్కువ.

యాంటీఆక్సిడెంట్ల సంగతి ఇంకా చిక్కు. పొగలోని ఆక్సీకరణ పదార్థాలు విటమిన్ సిని ఖర్చు చేసేస్తాయి. అందుకే పొగతాగేవారికి రోజుకు 35 మిల్లీగ్రాములు అదనంగా కావాలని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెబుతాయి. రక్తంలో అది తగ్గిందంటే కనిపిస్తున్నది క్యాన్సరా, సిగరెట్టా?

ఫిన్లాండ్‌లో 1985లో మొదలైన ప్రయోగం ఈ చిక్కును బట్టబయలు చేసింది. 50 నుంచి 69 ఏళ్ల వయసున్న 29,133 మంది పొగతాగే పురుషులను ఎంచుకుని, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: బీటా కెరోటిన్ మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ! విటమిన్ ఇ వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. విచిత్రమేమిటంటే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో మొదటినుంచీ రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువగా ఉన్నవారికి ఈ క్యాన్సర్ తక్కువగానే వచ్చింది. రక్తంలోని ఆ సూచిక అబద్ధమాడలేదు. దాన్ని మందనుకోవడమే పొరపాటు. ఆ అంకె బహుశా కూరగాయలు తినే అలవాటుకు, తక్కువ పొగకు గుర్తు మాత్రమే కావచ్చు.

అమెరికాలో 18,314 మందితో సాగిన మరో ప్రయోగంలో బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. అక్కడ క్యాన్సర్ 28 శాతం పెరిగింది. 1996 జనవరిలో, గడువుకు 21 నెలల ముందే మాత్రలు ఆపేశారు.

ఫిన్లాండ్‌వారిని పరిశోధకులు ఆ తర్వాత కూడా వదల్లేదు. మాత్రలు మానేసిన నాలుగు నుంచి ఆరేళ్లకు ఆ అదనపు ముప్పు కనిపించకుండా పోయింది.