‘ఇంటర్ అయితే అదే సర్దుకుంటది’: టీనేజీ పిల్లల మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: వయసు ప్రభావం సార్, పెద్దయితే అదే పోతుంది.

పిల్లల మానసిక సమస్యలకు నల్గొండలో నా దగ్గరికొచ్చే తల్లిదండ్రులు మొదట అనే మాట ఇదే. ఎవరన్నారమ్మా అంటే పక్కింటివాళ్లు, మేనమామ, వాట్సాప్. ఇందులో సగం నిజముంది, అందుకే ఇంత మొండిగా బతుకుతోంది. పద్నాలుగేళ్లకు తలుపేసుకోవడం, ఎదురు మాట్లాడడం మామూలే. వాటికి నా దగ్గరికి రానక్కర్లేదు.

వాస్తవం: నేను చూసేవి వేరు. తానెలాంటి మనిషో బిడ్డకు కాస్తయినా తెలుస్తోందా? ఒకటి అనుకుని దానికోసం నిలబడగలుగుతోందా? ఎదుటివాళ్ల బాధ అర్థమవుతోందా? గొడవయ్యాక కూడా స్నేహం నిలుపుకుంటోందా? వ్యక్తిత్వ పనితీరు అంటే ఈ నాలుగే. యౌవనంలోనే ఇవి కుదురుకుంటాయి, కాబట్టి కొంత తడబాటు అందరిలోనూ ఉంటుంది. కానీ ఏడాది దాటినా ఇంట్లో, కాలేజీలో, స్నేహితుల దగ్గర అన్నిచోట్లా అదే తంతయితే వయసు మీదికి నెట్టకండి, అది వ్యక్తిత్వ రుగ్మత (పర్సనాలిటీ డిజార్డర్) కావచ్చు. ఇలాంటి పిల్లల్లో డిప్రెషన్, ఆందోళన, తమను తాము గాయపరచుకోవడం ఎక్కువ. పెద్దయ్యాక దూకుడు తగ్గొచ్చు. చదువులో, ఉద్యోగంలో, కాపురంలో పడే ఇబ్బంది మాత్రం చాలామందికి మిగిలిపోతుంది.

దేవరకొండ వైపు నుంచి ఒక తండ్రి హాస్టల్లో చదివే కూతుర్ని తీసుకొచ్చాడు. మండుటెండల్లో నిండు చేతుల డ్రెస్సు. ‘ఫోన్ పిచ్చి సార్, ఎవరితోనూ పడదు’ అన్నాడు. నువ్వెలాంటిదానివమ్మా అని అడిగితే చాలాసేపు ఆలోచించి, ‘ఎవరితో ఉంటే వాళ్లలాగ ఉంటా సార్. ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఏం ఉండదు’ అంది. ఆ తర్వాతే చేతులు చూపించింది. రెండేళ్లుగా ఇంతేనట. చెర్వుగట్టు శివుడి గుట్ట మీద మొక్కుగా అమావాస్య నిద్ర కూడా చేయించారట. నేనేమీ అనలేదు. భయపడ్డ తండ్రి ఎక్కడికైనా తీసుకెళ్తాడు. మొక్కు తీర్చుకోండి, ఇక్కడికీ రండి అన్నాను. వస్తున్నారు, ఇప్పుడు నయం. పోయిన ఆ రెండేళ్లే నాకు కడుపుమంట.

అపోహ: పద్దెనిమిది నిండకుండా వ్యక్తిత్వ రుగ్మత అని నిర్ధారణ చేయకూడదు.

కొందరు డాక్టర్లూ అంటారు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ, ఐసీడీ-11లో అలాంటి వయసు నిబంధన లేదు. తేలికా, మధ్యస్థమా, తీవ్రమా అని స్థాయి చూడమంటుంది.

అపోహ: తల్లి పెంపకం సరిగా లేదు.

వారసత్వం, చిన్నప్పటి దెబ్బలు, చుట్టూ వాతావరణం అన్నీ కలుస్తాయి. పాలమూరు నుంచి వలసపోయి పిల్లల్ని నాయనమ్మ దగ్గర వదిలిన తల్లిని నిలదీస్తే ఒరిగేదేమీ లేదు.

అపోహ: మందులకు అలవాటు పడతారు.

అసలు చికిత్స మాటలతోనే, నెలల తరబడి. మందులేమో దీనికి తోడుగా వచ్చే డిప్రెషన్ లాంటివాటికి.

అపోహ: పెళ్లి చేస్తే కుదురుకుంటుంది.

దయచేసి వద్దు. ఇంకో మనిషిని కూడా ఇందులోకి లాగినట్టవుతుంది.

అపోహ: దీనికి హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికే పోవాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ అడగండి. రాత్రిపూట టెన్షన్ పడితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు. గాయాలు కనబడితే మాత్రం ఆరోజే తీసుకురండి, కాలేజీ పరీక్షలయ్యాక చూద్దాం అనుకోకండి.