27 రోజులకు కలిసే మూడు గొంతులు

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, సాయంత్రం నేను వరండాలో పెట్టుకున్న సంగీతం విని మీలో చిన్నది ఒక మాట అడిగింది: "తాతయ్యా, ఇందులో ఏమీ జరగడం లేదు, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అప్పటికప్పుడు సరైన జవాబు తోచలేదు. ఆ ప్రశ్న మాత్రం మనసులో ఉండిపోయింది. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి కదా, తీరిగ్గా కాగితం ముందు కూర్చుంటేనే నాకు జవాబులు దొరుకుతాయి.

ఆ ఆల్బమ్ పేరు 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'. ఇంగ్లండుకు చెందిన బ్రయన్ ఈనో 1970ల చివర్లో దాన్ని విడుదల చేశారు. అంతకుముందు ఆయన రాక్సీ మ్యూజిక్ అనే రాక్ బృందంలో సింథసైజర్ వాయించేవారు. 1973లో దాన్ని వదిలి, టేపులతో, యంత్రాలతో సొంత ప్రయోగాలకు దిగారు. ఈ రకం సంగీతానికి 'యాంబియంట్' అన్న పేరు స్థిరపడింది ఆయన వల్లే. ఆ మాటకు మన చుట్టూ ఉన్నది, పరిసరం అని అర్థం.

ఆ ఆలోచన ఆయనకు మంచం మీద వచ్చింది. 1975 జనవరిలో ఒక టాక్సీ గుద్దడంతో ఆయన కదలలేని స్థితిలో ఇంట్లో పడుకుని ఉన్నారు. చూడవచ్చిన జూడీ నైలన్ అనే స్నేహితురాలు హార్ప్ అనే తీగల వాద్యం మీద వాయించిన 18వ శతాబ్దపు సంగీతం రికార్డు ఒకటి తెచ్చిచ్చారు. ఆమె వెళ్ళాక ఈనో కష్టపడి లేచి రికార్డు పెట్టుకుని మళ్ళీ పడుకున్నారు. తీరా చూస్తే శబ్దం బాగా తక్కువగా ఉంది, పైగా రెండు స్పీకర్లలో ఒకటి పలకడం లేదు. లేచి సరిచేసే ఓపిక లేదు. బయట వాన. ఆ వాన చప్పుడులోంచి హార్ప్ స్వరాలు అక్కడొకటి ఇక్కడొకటి వినబడుతున్నాయి. సంగీతం గదిలోని వెలుతురులాగా, వాన చప్పుడులాగా పరిసరంలో ఒక భాగం కావచ్చని ఆయనకు అప్పుడు తట్టిందట.

తర్వాత జర్మనీలోని కొలోన్ విమానాశ్రయంలో ఒకసారి ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు, అంత అందమైన భవనంలో ఇంత శ్రద్ధలేని సంగీతమా అనిపించింది. అక్కడ పుట్టింది ఈ ఆల్బమ్.

ఇందులో నాలుగే భాగాలు. మొదటిది పదిహేడు నిమిషాల పియానో. ఎంత బాగున్నా ఇప్పుడు దాని జోలికి పోను. మీరు విన్నది రెండోది, మాటల్లేని గొంతులు "ఆ..." అని ఒక్కో స్వరాన్నే పట్టి వదిలేది. దాన్ని ఎలా చేశారో చెబితే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

ఇప్పుడైతే కంప్యూటర్లో ఒక మీట నొక్కితే లూపు, అంటే మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే శబ్దపు ముక్క, తయారవుతుంది. ఆ రోజుల్లో అయితే టేపును కత్తిరించి, రెండు కొసలూ అతికించి, వలయం చేయాలి. కొలోన్ దగ్గర కాన్నీ ప్లాంక్ అనే ఆయన స్టూడియో ఉండేది. అక్కడ ఆ పొడవాటి వలయాలను అల్యూమినియం కుర్చీల చుట్టూ తిప్పారు. స్టూడియో టేపు సెకనుకు 15 అంగుళాల చొప్పున నడుస్తుందనుకుంటే, 23న్నర సెకన్ల లూపుకు 29 అడుగులకు పైగా టేపు కావాలి. మన హాలు ఆ చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చినా ఇంకా కొంత మిగులుతుంది. ఆ టేపంతటి మీదా ఉన్నది ఒకే ఒక్క స్వరం. మిగతాదంతా నిశ్శబ్దమే.

ఇప్పుడు క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) గుర్తుచేసుకోండి. ఒక గంట 4 సెకన్లకోసారి, ఇంకొకటి 6 సెకన్లకోసారి మోగితే, రెండూ 12 సెకన్లకోసారి కలుస్తాయి. ఆ వరస మనకు వెంటనే పట్టుబడుతుంది, కాసేపటికి విసుగొస్తుంది. ఈనో లూపుల్లో ఒకటి 23 1/2 సెకన్లకు, రెండోది 25 7/8 సెకన్లకు, మూడోది 29 15/16 సెకన్లకు తిరిగి వస్తాయి. ఆయన ఉజ్జాయింపుగా చెప్పిన కొలతలివి. వీటిని సెకనులో పదహారో వంతుల్లోకి మారిస్తే 376, 414, 479 వస్తాయి. వీటి క.సా.గు. కట్టి చూడండి, 3,72,81,528 రావాలి. పదహారుతో భాగించి, సెకన్లను రోజులు చేస్తే 27 రోజులకు కాస్త తక్కువ! నేను రెండుసార్లు సరిచూసుకున్నాను.

అంటే, ఈ మూడు గొంతులూ ఒకే క్షణంలో బయలుదేరితే మళ్ళీ అలా కలిసేది దాదాపు 27 రోజులకు. పాట నిడివి తొమ్మిది నిమిషాల లోపు. పైగా అందులో ఇలాంటి లూపులు మరికొన్ని ఉన్నాయి. ఏమీ జరగడం లేదని నువ్వన్న ఆ కాసేపట్లో, బంగారుతల్లీ, స్వరాలు ప్రతిసారీ కొత్తగా కలుస్తూ, కొత్తగా విడిపోతూనే ఉన్నాయి.

శ్రద్ధగా వింటే వినడానికి ఏదో ఉండాలి, పట్టించుకోకపోతే అడ్డు రాకూడదు అని ఈనో ఆల్బమ్ అట్ట మీదే రాశారు. బజారుల్లో, విమానాశ్రయాల్లో వేసే హుషారు సంగీతం ఎవరికీ దిగులే లేదన్నట్టు నటిస్తుంది. ఎగరబోయే మనిషికి లోపల ఒక చిన్న భయం ఉంటుందని ఈయన ఒప్పుకున్నారు. నాకు ఈ ఆల్బమ్ మీద అంత ప్రేమ అందుకే. 1980లో న్యూయార్క్ లాగ్వార్డియా విమానాశ్రయం మెరైన్ టెర్మినల్లో దీన్ని నిజంగానే వినిపించారు.

మిమ్మల్ని సాగనంపడానికి శంషాబాద్ వచ్చినప్పుడల్లా మీరు లోపలికి వెళ్ళిపోయాక అమ్మమ్మా నేనూ అద్దాల బయట ఇంకో గంట నిలబడతాం. మీరు ఇక కనబడరని తెలుసు. ఆ గంటలో ఎవరైనా ఇలాంటిది మెల్లగా వినిపిస్తే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఒక పని చేయండి. రాత్రి హోంవర్క్ రాసుకునేటప్పుడు శబ్దం బాగా తగ్గించి, కిటికీ తెరిచి ఈ రెండో భాగం పెట్టుకోండి. పక్కన ఒక గడియారం, ఒక పెన్సిలు ఉంచుకోండి. ఏదో ఒక గొంతును ఎంచుకుని, అది వచ్చినప్పుడల్లా ఒక గీత గీయండి. నేను అందరికంటే కిందిస్థాయి గొంతును పట్టుకుందామని కూర్చుని, నాలుగో గీత దగ్గర పెన్సిలు పట్టుకున్న సంగతే మరిచిపోయాను. ఆదివారం ఫోను చేసినప్పుడు మీవి ఎన్ని గీతలయ్యాయో చెప్పండి.

మీ
తాతయ్య